చిన్న జాతి కుక్కపిల్ల: ఎంపిక దగ్గర్నుంచి బరువు అదుపు దాకా

28 కిలోల లాబ్రడార్ ఒక కిలో పెరిగితే రోజూ చూసేవాళ్లు కూడా గమనించరు. 3 కిలోల పామరేనియన్ అదే కిలో పెరిగితే తన ఒంటి బరువులో మూడో వంతు అదనంగా మోస్తున్నట్టు లెక్క. ఆ భారమంతా సన్నటి మోకాళ్ల మీద, వెన్ను మీద, ముందే ఇరుకుగా ఉన్న గాలిగొట్టం మీద పడుతుంది. మన ఇళ్లలో మాత్రం దాన్ని చూసి "బొద్దుగా ఎంత ముద్దొస్తోందో" అంటాం.

బరువు గురించి ఆలోచించాల్సింది పిల్లను తెచ్చుకోకముందే. పెద్దయ్యాక ఎన్ని కిలోలు ఉండాలో తెలియకపోతే, అది లావెక్కిందో సరిగానే ఉందో చెప్పడానికి ఆధారమే ఉండదు. అందుకే ఈ రెండు పనులనూ ఒకే వరసలో చెబుతున్నాను.

1. జాతి పేరుతో పాటు అంకె కూడా తెలుసుకోండి

పెద్దయ్యాక ఉండాల్సిన బరువులు ఇంచుమించు ఇవి. చివావా 2.7 కిలోలు దాటకూడదు. అసలైన పామరేనియన్ 1.4 నుంచి 3.2 కిలోలు. షిట్జూ 4 నుంచి 7 కిలోలు. లాసా ఆప్సో 5.5 నుంచి 8 కిలోలు. పగ్ 6.3 నుంచి 8.1 కిలోలు. డాష్‌హండ్‌లో మినియేచర్ రకం 5 కిలోల లోపు ఉంటుంది, స్టాండర్డ్ రకం 7 కిలోల పైనే. బీగిల్‌ను కూడా చాలామంది చిన్న కుక్క అనుకుని తెచ్చుకుంటారు. అది 9 నుంచి 14 కిలోల దాకా పెరిగే వేటకుక్క. వాసన పట్టిందంటే చెత్తబుట్టనూ వదలదు. తిండి విషయంలో దాన్ని అదుపు చేయడం మిగతావాటి కంటే కష్టం.

పామ్ దగ్గర ఒక చిక్కుంది. మన ఊళ్లలో పామ్ అని పిలిచే తెల్లకుక్కల్లో చాలావరకు పామరేనియన్లు కావు, ఇండియన్ స్పిట్జ్‌లు. వాటిలో చిన్న రకం 5 నుంచి 7 కిలోలు ఉంటుంది, పెద్ద రకం 12 కిలోలు దాటుతుంది. మన వాతావరణానికి బాగా అలవాటుపడిన గట్టి కుక్క. ఎండలు మండే ఊళ్లో ఉండి, బొచ్చుకుక్కే కావాలనుకుంటే నేను మొదట చెప్పేది దీని పేరే. అయితే దాన్ని పామరేనియన్ అనుకుని పెంచేవాళ్లు 6 కిలోలు చూసి కంగారుపడి కడుపు మాడుస్తారు. అసలు పామరేనియన్ ఉన్నవాళ్లు పక్కింటి స్పిట్జ్‌తో పోల్చుకుని 5 కిలోలున్నా ధీమాగా ఉంటారు. రెండూ తప్పే.

అమ్మేవాళ్ల మాటల్లో కొన్నింటిని పట్టించుకోనక్కర్లేదు. "టీకప్" అనే జాతి లేదు. ఈనిన పిల్లల్లో అన్నిటికంటే బక్కదాన్నో, వయసు తక్కువ దాన్నో అలా అంటగడతారు. "కల్చర్ పామ్" కూడా బజారు పేరే, చాలాసార్లు అది సంకరజాతి. సంకరజాతి కావడంలో తప్పేమీ లేదు, ఎంత పెరుగుతుందో చెప్పలేకపోవడమే ఇబ్బంది. "పంచ్ ఫేస్" అని గొప్పగా చెప్పే పగ్‌లకు ముక్కు మరీ లోపలికి నొక్కుకుపోయి, శ్వాస తీసుకోవడమే కష్టమవుతుంది. 2003లో హచ్ అనే మొబైల్ కంపెనీ పగ్‌ను పెట్టి తీసిన ప్రకటన తర్వాత ఈ జాతికి మన దేశంలో విపరీతంగా గిరాకీ పెరిగింది. మే నెల ఎండకు అది తట్టుకోగలదా అన్న ప్రశ్న మాత్రం ఆ ప్రకటనలో లేదు. ఇంట్లో ఏసీ లేకపోతే, విజయవాడలోనో రామగుండంలోనో ఉంటే, పగ్ జోలికి వెళ్లవద్దనే నా సలహా.

2. అమ్మేవాళ్లను అడగాల్సినవి

2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నియమాల ప్రకారం బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదై ఉండాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఆ నమోదు పత్రం చూపించమని మొహమాటపడకుండా అడగండి. చెన్నైలో ఉన్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే సర్టిఫికెట్ ఉంటే మంచిదే. కానీ అది వంశం గురించి చెబుతుంది, ఆరోగ్యానికి హామీ కాదు.

అన్నిటికంటే ముఖ్యం, తల్లిని చూడాలి. వీలైతే తండ్రినీ. వాటి బరువెంతో అడిగి రాసుకోండి. మీ పిల్ల పెద్దయ్యాక ఎంత ఉండొచ్చో చెప్పే నమ్మకమైన ఆధారం అదే. తల్లి 6 కిలోలుంటే పిల్ల రెండు కిలోల దగ్గర ఆగిపోతుందన్న మాట నమ్మకండి. "తల్లి ఊళ్లో లేదు", "ఫామ్‌లో ఉంది, ఫొటో పంపిస్తా" అంటే అక్కడితో బేరం ఆపేయండి. ఫొటో చూసి అడ్వాన్స్ పంపే బేరం అసలే వద్దు.

3. పిల్లను చేతిలోకి తీసుకుని చూసేటప్పుడు

కడుపు నిండా పాలు తాగి నిద్రపోతున్న పిల్ల ఏదైనా బాగానే కనిపిస్తుంది. లేచి ఆడుకునే వేళకు వెళ్లండి. చప్పట్లు కొడితే తిరిగి చూస్తోందా, తోటిపిల్లలతో కలబడుతోందా, పిలిస్తే వస్తోందా చూడండి. మూలన ఒదిగి వణికే పిల్లను జాలితో ఎత్తుకోవాలనిపిస్తుంది. ఆ జాలికి తగ్గ వైద్యం ఖర్చు కూడా భరించగలమా అని అక్కడే ఆలోచించుకోవాలి.

చిగుళ్లు గులాబీ రంగులో ఉండాలి. తెల్లగా పాలిపోయి ఉంటే నులిపురుగులో పిడుదులో రక్తం పీలుస్తున్నాయేమో. కళ్లలో పుసి, చెవుల్లో వాసన, తోక కింద విరేచనం అంటుకున్న గుర్తులు ఉండకూడదు. డొక్కలు తేలి, పొట్ట మాత్రం ఉబ్బి ఉంటే అది పుష్టి కాదు, పురుగులు. బొడ్డు దగ్గర మెత్తటి బుడిపె తగిలితే హెర్నియా కావచ్చు. చాలాసార్లు చిన్న ఆపరేషన్‌తో పోతుంది గానీ, ముందే తెలియాలి.

పగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు జాతులకు ఇంకో పరీక్ష ఉంది. రెండు నిమిషాలు ఆడించి, చెవి దగ్గరగా పెట్టి శ్వాస వినండి. గురక లాంటి మోత, ముక్కుపుటాలు సన్నటి గీతల్లా మూసుకుపోయి ఉండటం మంచి లక్షణాలు కావు. ఈ పిల్లలకు ఒళ్లు పెరిగేకొద్దీ గొంతు చుట్టూ కొవ్వు చేరి శ్వాస మరింత బిగుసుకుంటుంది. పామరేనియన్, చివావాలు నడిచేటప్పుడు వెనక కాలు ఒకటి ఎత్తి గెంతుతున్నట్టు కనిపిస్తే మోకాలిచిప్ప జారుతోందేమో అడగండి.

వాక్సిన్ కార్డులో తేదీ ఒక్కటే ఉంటే సరిపోదు. మందు సీసా మీద నుంచి తీసిన స్టిక్కర్, డాక్టరు సంతకం, ముద్ర ఉండాలి. పార్వో అనే వైరస్ సోకిన పిల్ల వాంతులు, నెత్తుటి విరేచనాలతో రెండు మూడు రోజుల్లోనే చేజారిపోవచ్చు. కొన్న రోజో మర్నాడో మీకు నమ్మకమున్న పశువైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. ఆ పరీక్షలో పెద్ద లోపం బయటపడితే పిల్లను వెనక్కి తీసుకుంటామని డబ్బు ఇచ్చేముందే రాయించుకోండి.

4. మొదటి రెండు వారాలు

వచ్చిన రోజే తిండి మార్చకండి. అక్కడ ఏం తింటోందో అదే కొంత అడిగి తెచ్చుకుని, మీరు పెట్టదలచుకున్నదాన్ని వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా కలుపుతూ మార్చండి. ఆవుపాలు, గేదెపాలు చాలా పిల్లలకు పడవు, విరేచనాలవుతాయి. తల్లిపాలు మానిన పిల్లకు పాలు అవసరమే లేదు.

ఈ వయసులో భయపడాల్సింది లావు గురించి కాదు. బుల్లి జాతుల పిల్లలకు ఒంట్లో చక్కెర నిల్వలు తక్కువ. నాలుగైదు గంటలు ఏమీ తినకపోతే కూడా కొన్ని నీరసించి తూలుతాయి, వణుకుతాయి, ఒక్కోసారి ఫిట్స్ వస్తాయి. అందుకే మూడు నెలల వరకు రోజుకు నాలుగు పూటలు పెట్టాలి. తూలుతోందనిపిస్తే కాస్త తేనె గానీ, తడిపిన గ్లూకోజ్ పొడి గానీ చిగుళ్లకు రాసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. స్పృహ తప్పిన పిల్ల నోట్లో నీళ్లు పోయకండి.

వాక్సిన్లు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలై, మూడు నాలుగు వారాలకోసారి పదహారు వారాల దాకా సాగుతాయి. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. నులిపురుగుల మందు మూడు నెలల వరకు రెండు వారాలకోసారి, ఆ తర్వాత ఆరు నెలల వరకు నెలకోసారి వేయాలి. మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి ప్రతిసారీ తూచాల్సిందే. బరువు పుస్తకం అలా దానంతటదే మొదలవుతుంది.

5. పెరిగే నెలలు: వారానికోసారి కాటా

5 కిలోల లోపు పిల్లకు వంటింట్లోని డిజిటల్ కాటా చాలు. పైన గిన్నె పెట్టి, సున్నాకు తెచ్చి, పిల్లను కూర్చోబెట్టండి. కాస్త పెద్దదైతే సామాన్లు తూచే చేతి కాటాకు గట్టి సంచీ తగిలించి తూచవచ్చు. మనం పిల్లను ఎత్తుకుని బరువు చూసే మిషన్ ఎక్కి, తర్వాత మన బరువు తీసేసే పద్ధతి పెద్ద కుక్కలకు సరే. 3 కిలోల ప్రాణి దగ్గర ఆ మిషన్ చూపే తేడాయే పావుకిలో దాకా ఉండొచ్చు. వారంలో ఒకే రోజు, పొద్దున తినకముందు తూచి, అంకె క్యాలెండర్ మీద రాయండి.

పెంపుడు జంతువుల పోషణ మీద పరిశోధనలు చేసే వాల్తమ్ సంస్థ తయారుచేసిన కుక్కపిల్లల ఎదుగుదల చార్టులు ఉచితంగా దొరుకుతాయి. మూడు నెలల వయసు నుంచి రెండేళ్ల దాకా, ఆడ మగలకు వేర్వేరుగా, పెద్దయ్యాక ఉండబోయే బరువును బట్టి గీతలుంటాయి. తల్లిదండ్రుల బరువు రాసుకోమన్నది ఇందుకూ పనికొస్తుంది. మీ పిల్ల తాను ఉన్న గీత వెంట సాగుతుంటే బెంగలేదు. పై గీతలోకి దూకుతుంటే తిండి ఎక్కువైంది. కిందికి జారుతుంటే డాక్టరుకు చూపించాలి.

చిన్న జాతులు ఎనిమిది నుంచి పన్నెండు నెలలకల్లా పూర్తి బరువుకు వచ్చేస్తాయి. ఎదుగుదల ఆగినా గిన్నెలో కొలత తగ్గించకపోవడం వల్లే చాలా కుక్కలు ఏడాదిన్నర వయసుకు గుండ్రంగా తయారవుతాయి. పది, పన్నెండు నెలల మధ్య పిల్లల తిండి నుంచి పెద్దకుక్కల తిండికి మార్చండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే ఒంటికి కావాల్సిన శక్తి 20 నుంచి 30 శాతం తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. కుట్లు విప్పిన వారం నుంచే కొలత తగ్గించాలి.

6. రోజు కోటా లెక్క, ఒక్క డబ్బా

లెక్క సులువే. ఉండాల్సిన బరువును 30తో గుణించి 70 కలపండి. 6 కిలోల షిట్జూకు 250 వస్తుంది. పడుకుని ఉన్నా ఒంటికి కావాల్సిన కేలరీలు అవి. ఆపరేషన్ అయిన పెద్దకుక్కకు దాన్ని 1.6తో గుణిస్తే రోజుకు 400. ఇది మొదలుపెట్టడానికి ఒక అంకె మాత్రమే. ఒకే ఇంట్లో ఒకే బరువున్న రెండు కుక్కలకు కూడా వేర్వేరుగా పడుతుంది. రెండు కిలోల కంటే తక్కువ ఉండే బుల్లి కుక్కలకు ఈ లెక్క వాడకుండా డాక్టరునే అడగండి.

ఆ 400లో పదో వంతు, అంటే 40 మాత్రమే చిరుతిళ్లకు. మిగతా 360 అసలు తిండికి. మీ డ్రై ఫుడ్ సంచీ మీద 100 గ్రాములకు 370 కేలరీలని ఉంటే రోజుకు 97 గ్రాములు వస్తాయి. గ్లాసుతో కొలవకండి. ఒకే గ్లాసు మీ చేతిలో ఒకలా నిండుతుంది, మీ అబ్బాయి చేతిలో ఇంకోలా నిండుతుంది. కాటా మీదే తూచాలి.

ఇక అసలు కిటుకు. పొద్దున్నే రోజంతటి తిండినీ, చిరుతిళ్లతో సహా, ఒక మూత డబ్బాలో వేసేయండి. ఇంట్లో ఎవరు ఏం పెట్టినా అందులోంచే పెట్టాలి. ఖాళీ అయితే ఆ రోజుకు అయిపోయినట్టే. చిన్న కుక్క లావెక్కడానికి ఒక్కరు ఎక్కువ పెట్టడం అరుదుగా కారణమవుతుంది. అమ్మ పొద్దున కొలిచి పెడుతుంది, నాన్న కాఫీలో ముంచిన బిస్కెట్ ముక్క ఇస్తారు, నానమ్మ పెరుగన్నం ముద్ద పెడుతుంది, కిందికి తీసుకెళ్తే వాచ్‌మన్ అన్న బన్ను తుంచి వేస్తాడు. ఎవరికి వారు "నేను పెట్టింది ఇంతే కదా" అనే అంటారు, అది నిజం కూడా. నానమ్మను వద్దని కసరకండి, ఆ మాట ఏ ఇంట్లోనూ చెల్లదు. సాయంత్రం పూట పెట్టే పని ఆవిడకే అప్పజెప్పి డబ్బా చేతికివ్వండి. వాచ్‌మన్‌కు కూడా రోజూ నాలుగు గింజలు పొట్లం కట్టి ఇవ్వవచ్చు.

7. మన వంటింటి లెక్కలు

గ్లూకోజ్ బిస్కెట్ ఒక్కటి 20 నుంచి 25 కేలరీలు. మన షిట్జూకు రెండు పడితే రోజు చిరుతిళ్ల కోటా అయిపోయింది. చెంచాడు నెయ్యి 40 పైనే. ఉడికించిన గుడ్డు 70 పైచిలుకు. 200 గ్రాముల అన్నంలో 100 గ్రాముల పెరుగు కలిపితే ఇంచుమించు 320. అంటే ఆ చిన్న ప్రాణికి దాదాపు రోజంతటి తిండి. తీరా అందులో మాంసకృత్తులు చాలినన్ని ఉండవు. పెరుగన్నంతోనే పెరిగే కుక్కలు లావుగా కనిపిస్తూనే కండ లేకుండా, బొచ్చు పలచబడి ఉండటానికి కారణం ఇదే. శాకాహారుల ఇళ్లలో మాంసం వండటం కుదరకపోతే డ్రై ఫుడ్డే మేలు.

ఇంటి తిండే పెడతాననేవాళ్లు ఉప్పు కారాలు లేకుండా ఉడికించిన కోడిమాంసం, కొంచెం అన్నం, సొరకాయ, బీన్స్, క్యారెట్‌తో మొదలుపెట్టవచ్చు. అంతటితో సరిపోదు, కాల్షియం, మరికొన్ని ఖనిజాలు లోపిస్తాయి. ఎంత, ఏది కలపాలో డాక్టరు చేత రాయించుకోండి. ఉడికిన కోడి ఎముకలు చీలికలై గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి.

చిరుతిండిగా పచ్చి క్యారెట్ ముక్కలు, కీర, ఉడికించిన గుమ్మడి బాగుంటాయి. క్యారెట్ 100 గ్రాములు తిన్నా 40 కేలరీలే.

అసలు పెట్టకూడనివి గుర్తుంచుకోండి. ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్రరక్తకణాలను దెబ్బతీస్తాయి. కూర, సాంబారు, బిర్యానీ అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను పాడుచేస్తాయి, పాయసంలో ఏరి పక్కన పెట్టిన కిస్‌మిస్‌లు కుక్కకు వేయకండి. ద్రాక్షలో ఈ హాని చేసేది టార్టారిక్ ఆమ్లమేనని 2022లో అమెరికా పశువైద్యులు ప్రతిపాదించారు. చింతపండు తిని మూత్రపిండాలు దెబ్బతిన్న కుక్కల కేసులు కూడా అందులో చేర్చారు. మనకు చింతపండు లేనిదే రోజు గడవదు కాబట్టి పులిహోర, చారు, పులుసన్నం కుక్క గిన్నెకు దూరంగా ఉంచండి. చాక్లెట్ కూడా విషమే, షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్‌లలో తీపి కోసం వాడే జైలిటాల్ కూడా విషమే. పండగ రోజు గారెలు, మటన్ కొవ్వు మింగితే క్లోమం వాచి ఆసుపత్రి పాలయ్యే ప్రమాదం ఉంది.

8. చేతితో చూసే పరీక్ష

పామ్, షిట్జూల బొచ్చు అబద్ధం చెబుతుంది. కంటితో కాక చేత్తో చూడాలి. మీ అరచేయి తెరిచి, చేతి వెనక వైపు ఎముకల మీద వేళ్లతో నిమరండి. కుక్క డొక్కలు అలా తగిలితే సరైన ఒళ్లు. పిడికిలి బిగించినప్పటి కణుపుల్లా పొడుచుకొస్తే బక్క, అరచేతి మెత్తదనంలో దాగిన ఎముకల్లా ఉంటే లావు. పై నుంచి చూస్తే డొక్కల వెనక నడుము సన్నబడాలి, పక్క నుంచి చూస్తే పొట్ట వెనక్కి పోయేకొద్దీ పైకి లేవాలి. స్నానం చేయించి ఒళ్లంతా తడిగా ఉన్నప్పుడు చూస్తే దాపరికం ఉండదు.

డాక్టర్లు దీన్ని 1 నుంచి 9 వరకు అంకెలతో చెబుతారు. 4, 5 మంచివి. 5 పైన ఒక్కో అంకెకు ఉండాల్సిన బరువు కంటే 10 నుంచి 15 శాతం ఎక్కువని అర్థం. సన్నగా ఉంచితే ఏం ఒరుగుతుందని అడిగేవాళ్లకు 2002లో వెలువడిన ఒక అధ్యయనం ఉంది. 48 లాబ్రడార్లను జతలు చేసి, ప్రతి జతలో ఒకదానికి 25 శాతం తక్కువ తిండి పెడుతూ జీవితాంతం గమనించారు. తక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుష్షు 13 ఏళ్లు, మిగతావాటిది 11.2. అది పెద్ద జాతి మీద చేసిన పరిశీలనే. చిన్న జాతులకు వేరే న్యాయం ఉంటుందని నేననుకోను.

9. నడక

రోజుకు రెండుసార్లు, ఇరవై నిమిషాల చొప్పున చాలు. ఎండాకాలంలో పొద్దున ఆరున్నర లోపు, రాత్రి ఎనిమిది తర్వాత. తారురోడ్డు మీద చేతి వెనక భాగం ఐదారు సెకన్లు ఆన్చలేకపోతే కుక్క పాదాలకూ అది కాలుతుంది. లావుగా ఉన్న పగ్‌ను కరిగిద్దామని ఎండలో పరిగెత్తించడం ప్రాణాల మీదికి తెస్తుంది. డాష్‌హండ్‌ను మెట్లు ఎక్కించకండి, సోఫా మీంచి దూకనివ్వకండి, వెన్నుపూసల మధ్య డిస్క్ జారే గుణం ఆ జాతికి ఎక్కువ. బుల్లి కుక్కలకు మెడ పట్టీ బదులు ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ వాడితే గాలిగొట్టం నలగదు.

నిజానికి నడకతో కరిగేది తక్కువ. గిన్నె అలాగే ఉంచి నడక పెంచితే ఫలితం కనిపించదు.

10. ఇప్పటికే లావెక్కి ఉంటే

8 కిలోలు ఉండాల్సిన పగ్ 10 కిలోలుందనుకుందాం. లెక్క 10తో కాదు, 8తో వేయాలి. 8ని 30తో గుణించి 70 కలిపితే 310. దాన్ని 1.6తో గుణించకుండా, రోజుకు 310 కేలరీల దగ్గరే మొదలుపెట్టండి. వారానికి ఒంటి బరువులో 1 శాతం, మహా అయితే 2 శాతం తగ్గాలి. ఈ పగ్‌కు వారానికి 100 గ్రాములంటే మొత్తం నాలుగైదు నెలలు పడుతుంది. రెండు మూడు వారాలు అంకె కదలకపోతే ముందు ఇంట్లోవాళ్లను ఆరా తీయండి, ఆ తర్వాతే కోటా మరో పదో వంతు తగ్గించండి. మామూలు తిండినే మరీ తగ్గించుకుంటూ పోతే పోషకాలు చాలవు. బరువు తగ్గించడానికే చేసిన ప్రత్యేక తిండి డాక్టరు రాసిస్తారు.

అడుక్కునే కళ్లకు కరిగిపోకుండా, ఉన్న కోటానే మూడు నాలుగు పూటలుగా విడగొట్టండి. గింజలను గిన్నెలో పోయకుండా తువ్వాలు మడతల్లో దాచి వెతికించండి. అదే తిండికి పావుగంట పని దొరుకుతుంది.

కొలిచి పెడుతున్నా, ఇంట్లో దొంగచాటు ముద్దలు లేకపోయినా బరువు పెరుగుతోందా? థైరాయిడ్ మందగిస్తే కుక్క బద్ధకంగా మారి, బొచ్చు రాలి, లావెక్కుతుంది. కుషింగ్ జబ్బులో పొట్ట ఉబ్బి, నీళ్లు విపరీతంగా తాగి, పదే పదే మూత్రానికి పోతుంది. రెండూ రక్తపరీక్షలతో బయటపడతాయి, మందులున్నాయి. దగ్గర్లో మంచి క్లినిక్ లేకపోతే రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో చూపించుకోవచ్చు. వెళ్లేటప్పుడు బరువులు రాసిన క్యాలెండర్, తిండి సంచీ మీది లేబుల్ ఫొటో వెంట తీసుకెళ్లండి. డాక్టరు మొదట అడిగే రెండు ప్రశ్నలకూ జవాబు అందులోనే ఉంటుంది.